కోర్ లేని ట్రాన్స్‌ఫార్మర్‌ని సర్క్యూట్ బోర్డు మీదే గీసుకోవడం: లెక్క దగ్గర్నుంచి లోడ్ పెట్టేదాకా

ట్రాన్స్‌ఫార్మర్ అనగానే ఇనుప రేకుల దొంతర (కోర్ అంటే ఇదే), దాని మీద ఎనామెల్ తీగ, చేతిలో పెడితే బరువు, ఇవే గుర్తొస్తాయి. మనం ఇప్పుడు చేయబోయేదానిలో ఇనుమూ లేదు, ఫెర్రైటూ (ఇనుప ఆక్సైడ్‌తో చేసే అయస్కాంత సిరామిక్) లేదు, తీగ చుట్టే పనీ లేదు. బోర్డు పైన ఒక రాగి చుట్ట (కరెంట్ ఇచ్చేది, ప్రైమరీ), కింద ఇంకో రాగి చుట్ట (కరెంట్ తీసుకునేది, సెకండరీ), మధ్యలో బోర్డు మందం, అంతే. చూడ్డానికి దోమల చుట్టలా ఉంటుంది.

"కోర్ లేకపోతే పనిచేస్తుందా?" అని ప్రతివాళ్లూ అడుగుతారు. 50 హెర్ట్జ్ దగ్గర చేయదు. 2 మెగాహెర్ట్జ్ దాటాక బ్రహ్మాండంగా చేస్తుంది. 1990ల చివర్లో హాంకాంగ్ సిటీ యూనివర్సిటీలో రాన్ హుయ్, టాంగ్, చుంగ్ వరుసగా పేపర్లు రాసి దీన్ని చూపించారు. మాస్‌ఫెట్, ఐజీబీటీ అనే పవర్ స్విచ్‌ల గేట్లని (వాటిని ఆన్, ఆఫ్ చేసే కాళ్లని) నడపడానికి సిగ్నల్‌నీ పవర్‌నీ రెండింటినీ ఇలాంటి చుట్టల గుండా దాటించారు. ఇదే సూత్రాన్ని చిప్ లోపలికి కుదించినవే అనలాగ్ డివైసెస్ వాళ్ల ఐకప్లర్, ఇన్ఫినియన్ వాళ్ల కోర్‌లెస్ ట్రాన్స్‌ఫార్మర్ గేట్ డ్రైవర్లు. కాబట్టి ఇది బొమ్మలాట కాదు, మార్కెట్లో నలిగిన టెక్నిక్కే.

మన లక్ష్యం ఇది: 12 వోల్ట్‌లు ఇచ్చి, అవతలివైపు, ఇవతలివైపుతో తీగ కలవకుండా విడిగా తేలుతూ ఉండే 9 వోల్ట్‌ల చిల్లర, ఓ 40 మిల్లీఆంప్స్ తీసుకోవడం. హాఫ్ బ్రిడ్జ్‌లో (ఒకదాని మీద ఒకటి పెట్టిన రెండు స్విచ్‌ల జతలో) పై మాస్‌ఫెట్ గేట్‌ని నడిపే డ్రైవర్ చిప్‌కి ఇది చాలా ఎక్కువే. 50 నానోకూలుంబ్‌ల గేట్‌ని 12 వోల్ట్‌లతో సెకనుకి లక్షసార్లు నింపి ఖాళీ చేసినా పట్టేది 60 మిల్లీవాట్లే, మిగతాది మనకి సుఖం.

ముందే ఒక మాట. దీన్ని 230 వోల్ట్‌ల కరెంటుకీ మనిషి చెయ్యి తగిలే భాగానికీ మధ్య అడ్డుగోడగా ఇంట్లో చేసిన బోర్డుతో వాడొద్దు. నేర్చుకునేటప్పుడు రెండు వైపులా బ్యాటరీ వోల్టేజీలే ఉంచుకోండి. ఇన్సులేషన్ సంగతి కింద విడిగా రాశాను, దాన్ని దాటేసి ముందుకెళ్లొద్దు.

మొదటి అడుగు: చుట్ట కొలతలు, కాగితం మీద లెక్క

నేను వాడిన కొలతలు ఇవి: బయటి వ్యాసం 24 మి.మీ., 12 చుట్లు, ట్రాక్ వెడల్పు 0.3 మి.మీ., ట్రాక్‌కీ ట్రాక్‌కీ మధ్య ఖాళీ 0.3 మి.మీ. రెండు వైపులా అచ్చంగా ఒకటే. ఈ లెక్కన లోపలి వ్యాసం 10.2 మి.మీ. దగ్గర ఆగుతుంది. మధ్యలో ఖాళీ ఎందుకు వదిలేయాలి, ఇంకో ఆరు చుట్లు పట్టేవిగా అనిపిస్తుంది. లోపలి చిన్న చుట్లు ఇండక్టెన్స్‌కి పెద్దగా ఇచ్చేదేమీ ఉండదు, పైగా చుట్ట మధ్యలో ఫీల్డ్ ఎక్కువ కాబట్టి అక్కడి రాగిలో సుడి కరెంట్లు పుట్టి నష్టం పెరుగుతుంది. మధ్యలో మూడో వంతు నుంచి సగం దాకా ఖాళీ వదిలేయడం నా అలవాటు.

ఇండక్టెన్స్ లెక్కకి 1999లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు చిప్‌ల మీది చుట్టల కోసం ఇచ్చిన సూత్రం బోర్డు మీదకీ చక్కగా సరిపోతుంది. మాటల్లో చెప్తాను. బయటి వ్యాసం, లోపలి వ్యాసం కలిపి సగం చేస్తే సగటు వ్యాసం, మనకి 17.1 మి.మీ. ఆ రెండిటి తేడాని వాటి మొత్తంతో భాగిస్తే నిండుదనం, మనకి 0.40. ఇప్పుడు చుట్ల వర్గం అంటే 144ని 17.1తో గుణించి, దాన్ని 0.000628తో గుణిస్తే 1.55 వస్తుంది. పక్కన పెట్టండి. 2.46ని నిండుదనంతో భాగించి సహజ లాగరిథమ్ తీసుకుని, దానికి నిండుదనం వర్గంలో ఐదో వంతు కలిపితే 1.84. రెండూ గుణిస్తే 2.85 మైక్రోహెన్రీలు. ఫోన్‌లో కాల్క్యులేటర్ చాలు.

రెసిస్టెన్స్ ఇంకా తేలిక. ట్రాక్ పొడవు సుమారు 645 మి.మీ. మామూలు బోర్డు మీద రాగి మందం 35 మైక్రాన్లు కాబట్టి డీసీ రెసిస్టెన్స్ 1.05 ఓమ్‌ల దగ్గరుంటుంది. 2.4 మెగాహెర్ట్జ్ దగ్గర రాగిలో స్కిన్ డెప్త్ (కరెంట్ ఎక్కువగా పారే పై పొర లోతు) 43 మైక్రాన్లు, అంటే మన రాగి మందం అంతకంటే తక్కువే, మందం వృథా కావట్లేదు. అయినా పక్క ట్రాక్‌ల ప్రభావంతో కరెంట్ అంచులకి నెట్టుకుపోతుంది, అందుకని నేను 1.4 ఓమ్‌లు వేసుకుని లెక్క కట్టుకున్నాను.

ఇక అసలైన అంకె, కప్లింగ్. పై చుట్టలో పుట్టిన ఫీల్డ్‌లో ఎంత భాగం కింది చుట్టకి తగులుతోంది అన్నది. ఇనుప కోర్ ఉంటే 0.99 పైనే. మనది 1.6 మి.మీ. బోర్డు అయితే 0.68 దగ్గర, 0.8 మి.మీ. బోర్డు అయితే 0.82 దగ్గర వస్తుంది. మూడో వంతు దగ్గరదగ్గర కారిపోతోందన్నమాట. కారిపోవడం అంటే వేడి అయిపోవడం కాదు, ఇది గట్టిగా గుర్తుపెట్టుకోండి, లీకేజీ ఫీల్డ్‌లోని శక్తి మళ్లీ సర్క్యూట్‌కే తిరిగొస్తుంది. కాకపోతే దారిలో ఒక సిరీస్ ఇండక్టర్‌లా అడ్డం నిలబడుతుంది, దాన్ని ఒక కెపాసిటర్‌తో మచ్చిక చేసుకోవాలి. ఈ టెక్నిక్ మొత్తం ఆ ఒక్క కెపాసిటర్ చుట్టూనే తిరుగుతుంది.

బోర్డు పల్చగా తీసుకుంటే కప్లింగ్ పెరుగుతుందిగా అని ఆశ పుడుతుంది. నేను 1.6 దగ్గరే ఉండమంటాను. మందం అంటే ఇన్సులేషన్. పైగా బోర్డు పల్చబడేకొద్దీ రెండు చుట్టల మధ్య దొంగ కెపాసిటెన్స్ కూడా పెరుగుతుంది, అది చివర్లో మనల్ని కరుస్తుంది.

రెండో అడుగు: బోర్డు గీయడం

కీక్యాడ్ అనే బోర్డు డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో చుట్ట గీయడానికి స్క్రిప్ట్ రాయొచ్చు, కానీ అర్ధవృత్తాలతో గీసే పాత చిట్కా ఉంది, అది చేత్తో కూడా అయిపోతుంది. పై అర్ధవృత్తాలన్నీ ఒక కేంద్రం నుంచి, కింది అర్ధవృత్తాలన్నీ దానికి 0.3 మి.మీ. పక్కన ఉన్న ఇంకో కేంద్రం నుంచి గీయండి. ప్రతి అర్ధవృత్తానికీ వ్యాసార్ధం 0.3 మి.మీ. పెంచుకుంటూ పోతే చివరలు వాటంతటవే కలుస్తాయి, ఒక పూర్తి చుట్టుకి 0.6 మి.మీ. పెరుగుతుంది. మనకి కావలసింది అదే.

గుండ్రం, చతురస్రం గొడవ చాలామంది పెట్టుకుంటారు. జాగా తక్కువైతే చతురస్రం, లేకపోతే గుండ్రం. అంతకుమించి ఆలోచించాల్సిన పని లేదు.

అసలు చిక్కు చుట్ట లోపలి చివరని బయటికి ఎలా తేవాలన్నది. రెండు పొరల బోర్డులో చాలామంది చేసే పని, ప్రైమరీ లోపలి చివర దగ్గర వయా (పొరల్ని కలిపే రాగి పూత రంధ్రం) వేసి, కింది పొరలో సెకండరీ చుట్ల మధ్య నుంచి ట్రాక్ బయటికి లాగడం. చేశారంటే 1.6 మి.మీ. ఇన్సులేషన్ కాస్తా 0.3 మి.మీ. సోల్డర్ మాస్క్ (బోర్డు మీది రంగు పూత) పాలవుతుంది. రెండు పొరల బోర్డులో సరైన పద్ధతి ఒక్కటే: లోపలి చివర ఒక ఉపరితల ప్యాడ్ పెట్టి, అక్కణ్ణుంచి ఇన్సులేషన్ ఉన్న జంపర్ తీగ అదే వైపున చుట్ల మీదుగా బయటికి తేవడం. రంధ్రం ఉన్న ప్యాడ్ పెట్టొద్దు. ప్యాడ్‌కి రంధ్రం ఉంటే ప్రైమరీ రాగి బోర్డు దూరి సెకండరీ వైపు బయటపడుతుంది, అక్కడ లోపలి చుట్టుకి దూరం 4 మి.మీ. మాత్రమే మిగులుతుంది. జంపర్ చూడ్డానికి వికారంగా ఉంటుంది, ఉండనివ్వండి.

నాలుగు పొరల బోర్డు ఆర్డర్ చేసే స్తోమత ఉంటే పని అందంగా అవుతుంది. ప్రైమరీ మొదటి పొరలో లోపలికి తిరుగుతూ వెళ్లి, వయా దిగి, రెండో పొరలో బయటికి తిరుగుతూ వస్తుంది. సెకండరీ మూడు, నాలుగు పొరల్లో అలాగే. జంపర్ ఉండదు, చుట్లు రెట్టింపు, ఇండక్టెన్స్ దాదాపు నాలుగు రెట్లు. వయాలు మాత్రం ఆ రెండు పొరలకే పరిమితమైనవి కావాలి, లేదంటే పైన చెప్పిన రంధ్రం గొడవే మళ్లీ వస్తుంది, అప్పుడు మధ్య ఖాళీని ఇంకా పెద్దది చేసుకుని దూరం సంపాదించాలి.

ఇక్కడే నేను మొదటిసారి బోల్తా కొట్టాను. మొదటి పొరలోని చుట్టని కాపీ చేసి రెండో పొరలో అలాగే అతికించేశాను. బోర్డు వచ్చింది, ఎల్‌సీ మీటర్ పెడితే 11 మైక్రోహెన్రీలు రావాల్సిన చోట 0.3. మీటర్ పోయిందనుకుని బ్యాటరీ మార్చాను, ప్రోబ్‌లు మార్చాను, చివరికి బోర్డుని కిటికీ వెలుగుకి పెట్టి వేలితో కరెంట్ దారి గీస్తూ పోతే అర్థమైంది. పై పొరలో కరెంట్ సవ్యంగా తిరుగుతోంది, కింది పొరలో అపసవ్యంగా, ఒకదాని ఫీల్డ్‌ని ఇంకోటి చెరిపేస్తోంది. కింది పొర చుట్ట అద్దంలో బొమ్మలా తిరగబడి ఉండాలి. ఆర్డర్ పెట్టేముందు వేలు పెట్టి కరెంట్ దారి గీసి చూడండి, రెండు పొరల్లోనూ వేలు ఒకే దిక్కున తిరగాలి.

చుట్ట కిందా పైనా గ్రౌండ్ ప్లేన్ (గ్రౌండ్‌కి కలిపిన రాగి పరుపు) పోయొద్దు. ఆటోమేటిక్‌గా రాగి నింపే ఆప్షన్ ఆన్‌లో ఉంటే చుట్ట చుట్టూ కనీసం ఓ 5 మి.మీ. దాకా నిషేధ ప్రాంతం గీసేయండి. చుట్ట చుట్టూ పూర్తిగా మూసుకున్న రాగి రింగు కూడా ఉండకూడదు, అది షార్ట్ అయిన ఒక చుట్టుతో సమానం. బోర్డు మీద రాసుకునే అక్షరాలకి మాత్రం ఏ ఇబ్బందీ లేదు, చుట్ట మీద మీ పేరు వేసుకోండి.

ఇన్సులేషన్ గురించి

ఎఫ్ఆర్4 అనే బోర్డు పదార్థం లోపలినుంచి ఛేదించుకుని పోవాలంటే 1.6 మి.మీ.కి పదుల కిలోవోల్ట్‌లు కావాలి. అది చూసి ధైర్యం తెచ్చుకోకండి. కరెంటు ఎప్పుడూ సులువైన దారి వెతుక్కుంటుంది, ఆ దారి బోర్డు లోపల ఉండదు, ఉపరితలం మీద, అంచుల మీద, ఫ్లక్స్ మరకల మీద ఉంటుంది. 250 వోల్ట్‌ల పని వోల్టేజీకి, మామూలు దుమ్మూ తేమా ఉండే చోట, రెట్టింపు భద్రత కావాలంటే ఉపరితలం మీద దూరం 5 మి.మీ., ఇన్సులేషన్ మందం 0.4 మి.మీ. తక్కువ కాకుండా చూడటం పాత ఐటీ పరికరాల ప్రమాణాల్లో ఉన్న లెక్క. మనకి మందంలో నాలుగు రెట్లు మిగులు. చేతులారా పాడుచేసుకునేది ఎక్కువగా ఉపరితల దూరాన్నే. బోర్డు అంచు నుంచి చుట్టకి దూరం, రెండు వైపుల ప్యాడ్‌ల మధ్య దూరం, స్క్రూ రంధ్రం ఈ రెండిటి మధ్యలో పడిందా, ఇవి స్కేలు పెట్టి కొలవండి.

ప్రైమరీ ప్యాడ్‌లు ఎడమవైపు, సెకండరీ ప్యాడ్‌లు కుడివైపు. ఇంత చిన్న నియమం పాటిస్తే సగం టెన్షన్ పోతుంది.

మూడో అడుగు: బోర్డు చేతికొచ్చాక, కరెంట్ ఇవ్వకముందు

ఇంట్లో ఫెర్రిక్ క్లోరైడ్‌తో చేసుకునేవాళ్లకి 0.3 మి.మీ. ట్రాక్ కత్తి మీద సామే, టోనర్ ఒక్కచోట లేచినా చుట్ట తెగుతుంది, రెండుచోట్ల కలిస్తే షార్ట్ చుట్టు అవుతుంది. అలా చేసేట్టయితే 0.5 మి.మీ. ట్రాక్, 0.5 ఖాళీ పెట్టుకుని చుట్లు తగ్గించుకుని, పై లెక్క మళ్లీ వేసుకోండి. హైదరాబాద్ వాళ్లకి విడి భాగాలు కోఠి గుజరాతీ గల్లీలో దొరుకుతాయి. మిగతావాళ్లకి ఆన్‌లైన్ ఉంది.

ముందు మల్టీమీటర్. ప్రైమరీ ఒక ఓమ్ దగ్గర చూపించాలి, సెకండరీ అంతే, రెండిటి మధ్య ఓపెన్. ఓమ్ కాకుండా 0.7 చూపిస్తే ఎక్కడో కొన్ని చుట్లు అంటుకున్నాయి, లెన్స్ పెట్టి వెతకండి.

తర్వాత ఇండక్టెన్స్. నానోవీఎన్ఏ (చేతిలో పట్టే ఆర్‌ఎఫ్ కొలత పరికరం) ఉంటే అంతకంటే మంచిది లేదు, లేకపోతే మంచి ఎల్‌సీ మీటర్. బోర్డుని గాల్లో, లోహానికి దూరంగా పట్టుకుని కొలవాలి. నేను ఒకసారి బద్ధకించి అల్యూమినియం మూత ఉన్న ల్యాప్‌టాప్ మీద పెట్టి కొలిచి, అంకె బాగా తక్కువొచ్చిందని సూత్రాన్ని తిట్టుకున్నాను. కింద అట్టపెట్టె పెట్టుకోండి.

రెండు కొలతలు తీసుకోవాలి. సెకండరీని ఖాళీగా వదిలేసి ప్రైమరీ ఇండక్టెన్స్: మనకి 2.85 రావాలి. సెకండరీ ప్యాడ్‌లని పొట్టి తీగతో షార్ట్ చేసి మళ్లీ ప్రైమరీ ఇండక్టెన్స్: 1.53 దగ్గర రావాలి. రెండో దాన్ని మొదటి దానితో భాగించి, ఒకటిలోంచి తీసేసి, వర్గమూలం కడితే కప్లింగ్. 0.68. మీకు ఇంకేదో వచ్చినా పర్లేదు, మీ అంకెతోనే ముందుకెళ్లండి, నా అంకెతో కాదు. ఈ రెండు కొలతల కాగితం చేతిలో లేకుండా పవర్ ఇవ్వడం అనవసరంగా డ్రైవర్ చిప్‌లు కాల్చుకోవడమే.

ఇంకో కొలత, రెండు చుట్టల మధ్య కెపాసిటెన్స్. ప్రైమరీ చివరలు రెండూ కలిపి ఒక కాలు, సెకండరీ చివరలు రెండూ కలిపి ఇంకో కాలు. 9, 10 పికోఫారడ్‌లు చూపిస్తుంది. రాసిపెట్టుకోండి.

నాలుగో అడుగు: ఆ ఒక్క కెపాసిటర్

సెకండరీకి అడ్డంగా ఏమీ పెట్టకుండా ప్రైమరీకి 10 వోల్ట్‌లు ఇస్తే అవతల 6.8 వస్తుంది, లోడ్ పెట్టగానే అదీ పడిపోతుంది. ఇక్కడే చాలామంది "కోర్ లేకపోతే ఇంతేలే" అని వదిలేస్తారు. సెకండరీకి అడ్డంగా 1.5 నానోఫారడ్ పెట్టి చూడండి, కథ మారుతుంది.

ఇప్పుడు రెండు ఫ్రీక్వెన్సీలు ముఖ్యమవుతాయి. ఒకటి, సెకండరీ పూర్తి ఇండక్టెన్స్ 2.85తో ఈ కెపాసిటర్ రెజొనేట్ అయ్యేది, 2.43 మెగాహెర్ట్జ్. ఇక్కడ ప్రైమరీలోంచి చూస్తే ఇంపెడెన్స్ (ఏసీకి ఎదురయ్యే అడ్డు) శిఖరానికి చేరుతుంది, డ్రైవర్ మీద భారం అతి తక్కువ, సెకండరీలో కరెంట్ తనలో తానే ఊయలూగుతుంది. రెండోది, షార్ట్ చేసి కొలిచిన 1.53తో రెజొనేట్ అయ్యేది, 3.32 మెగాహెర్ట్జ్. ఇక్కడ అవుట్‌పుట్ వోల్టేజీ ఆకాశానికి లేస్తుంది, కానీ లోడ్ లేనప్పుడు డ్రైవర్‌కి ట్రాన్స్‌ఫార్మర్ దాదాపు షార్ట్ సర్క్యూట్‌లా కనిపిస్తుంది. వోల్టేజీ ఎక్కువొస్తోంది కదా అని కొత్తవాళ్లు రెండోదాని వైపు పరిగెత్తుతారు, చిప్ పొగ అక్కడే వస్తుంది.

మనం ఉండాల్సింది మొదటిదాని దగ్గర, ఇంకా చెప్పాలంటే దానికి కాస్త కింద. మొదటిదానికి కింద ప్రైమరీ ఇండక్టర్‌లా ప్రవర్తిస్తుంది, డ్రైవర్ స్విచ్ మారేటప్పుడు కరెంటే వోల్టేజీని మెల్లగా లాగి పెడుతుంది, వేడి తక్కువ. మొదటిదానికీ రెండోదానికీ మధ్యలో కెపాసిటర్‌లా ప్రవర్తిస్తుంది, ప్రతి స్విచింగ్‌కీ డ్రైవర్‌కి దెబ్బే.

ఆ ఫ్రీక్వెన్సీ దగ్గర లోడ్ లేకుండా వోల్టేజీ ఎంత పెరుగుతుందో తెలుసా? సరిగ్గా ఒకటిని కప్లింగ్‌తో భాగించినంత. అంటే మనకి 1.47 రెట్లు. కప్లింగ్ తక్కువ కావడమే ఇక్కడ వోల్టేజీని పెంచుతోంది, ఈ లెక్క మొదటిసారి కట్టినప్పుడు నాకైతే భలే గమ్మత్తుగా అనిపించింది. 100 ఓమ్‌ల లోడ్ పెట్టినా 1.3 రెట్లు ఉంటుంది.

కెపాసిటర్ రకం ముఖ్యం. సీ0జీ లేదా ఎన్‌పీ0 అని రాసి ఉన్న సిరామిక్, లేదా మైకా, 100 వోల్ట్‌లది. ఎక్స్7ఆర్ పెడితే వోల్టేజీతోనూ వేడితోనూ దాని విలువ జారిపోతుంది, పొద్దున ట్యూన్ చేసింది సాయంత్రానికి ఉండదు. పక్కనే ఇంకో రెండు ఖాళీ ప్యాడ్‌లు వదులుకుంటే 47, 100 పికోఫారడ్‌లు కలిపి సరిచూసుకోవచ్చు.

ఐదో అడుగు: నడపడం

క్లాక్ కోసం రాస్ప్‌బెర్రీ పై పికో అనే చిన్న మైక్రోకంట్రోలర్ బోర్డు చాలు. దాని 125 మెగాహెర్ట్జ్‌ని 52తో భాగిస్తే 2.404, 54తో అయితే 2.315, 62తో అయితే 2.016. సరి సంఖ్యలే వాడండి, అప్పుడే తరంగం సగం పైన సగం కింద సమంగా ఉంటుంది. ఆ సిగ్నల్ ఒక గేట్ డ్రైవర్ చిప్‌లోకి, డ్రైవర్ అవుట్‌పుట్ 100 నానోఫారడ్ సిరీస్ కెపాసిటర్ గుండా ప్రైమరీకి, ప్రైమరీ రెండో చివర గ్రౌండ్‌కి. ఆ సిరీస్ కెపాసిటర్ మర్చిపోతే డీసీ కరెంట్ నేరుగా ఒక ఓమ్ రాగిలోంచి పారుతుంది, మరి చెప్పేదేముంది. టీసీ4427 లాంటిది సులువుగా దొరుకుతుంది, 3.3 వోల్ట్‌ల సిగ్నల్‌ని అర్థం చేసుకుంటుంది కూడా, కాకపోతే దాని అవుట్‌పుట్ రెసిస్టెన్స్ 7 ఓమ్‌ల దాకా ఉంటుంది, ఈ వేగంలో చిప్ తనకి తానే వేడెక్కుతుంది. మొదటి ప్రయోగానికి పర్లేదు, తర్వాత ఇంకా బలమైనది పెట్టుకోండి. డ్రైవర్ సప్లై కాళ్ల పక్కనే, నిజంగా ఆనుకుని, 1 మైక్రోఫారడ్ సిరామిక్ ఉండాలి.

అవతలివైపు ఏసీని డీసీ చేసే రెక్టిఫైయర్. చేతికందిన 1ఎన్4007 పెట్టారో, అంతే. అది 50 హెర్ట్జ్ డయోడ్, ఆగడానికే మైక్రోసెకన్లు తీసుకుంటుంది, మన తరంగం మొత్తం 0.4 మైక్రోసెకన్లే. నాలుగు 1ఎన్4148లు బ్రిడ్జ్‌గా పెట్టండి, లేదా చిన్న షాట్కీ డయోడ్‌లు. షాట్కీల సొంత కెపాసిటెన్స్ మన 1.5 నానోఫారడ్‌కి కలుస్తుంది, ట్యూనింగ్ కొంచెం కిందకి జరుగుతుంది, కంగారు పడొద్దు. బ్రిడ్జ్ తర్వాత 1 మైక్రోఫారడ్, దానికి అడ్డంగా 15 వోల్ట్‌ల జీనర్. జీనర్ ఎందుకంటే మనం ట్యూన్ చేస్తూ పొరపాటున పైకి జరిగితే లోడ్ లేని అవుట్‌పుట్ ఎక్కడికి పోతుందో చెప్పలేం.

మొదటిసారి ఆన్ చేసే క్రమం ఇలా పెట్టుకోండి. బెంచ్ సప్లై 5 వోల్ట్‌లు, కరెంట్ పరిమితి 200 మిల్లీఆంప్స్. లోడ్‌గా 1 కిలోఓమ్. ఫ్రీక్వెన్సీ 2.0 దగ్గర మొదలుపెట్టి, భాగించే సంఖ్యని రెండేసి తగ్గించుకుంటూ పైకి రండి. సప్లై కరెంట్ తగ్గుతూ తగ్గుతూ ఒకచోట అట్టడుగుకి వచ్చి మళ్లీ పెరగడం మొదలవుతుంది. ఆ అట్టడుగు మన మొదటి ఫ్రీక్వెన్సీ. అక్కణ్ణుంచి ఒక మెట్టు వెనక్కి వచ్చి ఆగండి. మరీ కిందనుంచి, 1.1 మెగాహెర్ట్జ్ దగ్గర్నుంచి మొదలుపెడితే, స్క్వేర్ వేవ్‌లో ఉండే మూడో హార్మోనిక్ (మూడు రెట్ల ఫ్రీక్వెన్సీ భాగం) పోయి ఆ 3.3 దగ్గర తగులుతుంది, లేని ప్రేతాన్ని చూసి భయపడతారు.

సవ్యంగా కుదిరాక సప్లై 12కి పెంచి, లోడ్ 220 ఓమ్‌లు చేయండి. స్క్వేర్ వేవ్‌లో అసలు తరంగం శిఖరం 7.6 వోల్ట్‌లు, 1.3 రెట్లు వేస్తే 10, డయోడ్‌లు తిన్నది పోగా 9కి కాస్త అటూ ఇటూ రావాలి. డ్రైవర్ చిప్ రెసిస్టెన్స్ ఎక్కువైతే ఒక వోల్ట్ తగ్గొచ్చు. రెండు చుట్టల రాగిలో పోయేది లెక్క ప్రకారం వాట్‌లో వందో వంతులు ఓ ఆరేడు, అంటే వేలు పెడితే చుట్ట గోరువెచ్చగా కూడా అనిపించకూడదు. చుట్ట చల్లగా ఉండి చిప్ కాలిపోతోందంటే మీరు ఫ్రీక్వెన్సీ తప్పు వైపున ఉన్నారు.

ఆసిలోస్కోప్‌తో చూసేవాళ్లకి ఒక హెచ్చరిక. ప్రోబ్‌కి ఉండే పొడవాటి గ్రౌండ్ తీగ కూడా ఒక చుట్టే, అది ట్రాన్స్‌ఫార్మర్ ఫీల్డ్‌ని పట్టుకుని మీకు లేని రింగింగ్ చూపిస్తుంది. ప్రోబ్ మొనకి వచ్చే చిన్న స్ప్రింగ్ వాడండి. స్కోప్ గ్రౌండ్ సెకండరీకి తగిలించిన క్షణం మీ ఐసొలేషన్ పోయిందని కూడా గుర్తుంచుకోండి.

పక్కవాటికి ఇబ్బంది ఉందా

2.4 మెగాహెర్ట్జ్ తరంగ దైర్ఘ్యం 125 మీటర్లు, మన చుట్ట రెండున్నర సెంటీమీటర్లు కూడా లేదు. యాంటెన్నాగా ఇది దండగ. అసలు ఇబ్బంది పక్కనే ఉన్న సర్క్యూట్‌లకీ, బయటికి వెళ్లే కేబుళ్లకీ. లోహపు డబ్బాలో పెట్టాలంటే చుట్టకీ డబ్బాకీ మధ్య పల్చని ఫెర్రైట్ షీట్ వేయండి. ఒకవైపు వేసినా ఇండక్టెన్స్ రెట్టింపు దాకా పెరగొచ్చు కాబట్టి కొలతలూ ట్యూనింగూ మళ్లీ మొదటినుంచి. అప్పుడది కోర్ లేని ట్రాన్స్‌ఫార్మర్ అవుతుందా అని ఎవరైనా వాదిస్తే నేను వాదించను.

చివరగా ఆ 10 పికోఫారడ్‌లు

హాఫ్ బ్రిడ్జ్‌లో పై మాస్‌ఫెట్ డ్రైవర్‌కి ఇది పెట్టినప్పుడు సెకండరీ గ్రౌండ్ మొత్తం 0 నుంచి 300 వోల్ట్‌లకి ఎగిరి దిగుతూ ఉంటుంది. నానోసెకనుకి 10 వోల్ట్‌ల వేగంతో ఎగిరితే ఆ 10 పికోఫారడ్‌ల గుండా 100 మిల్లీఆంప్స్ ప్రైమరీ వైపుకి దూకుతుంది. గాలియం నైట్రైడ్ స్విచ్‌లతో వేగం 50కి చేరితే అర ఆంప్. పికో ఉన్నట్టుండి రీసెట్ అయిపోతుంటే కోడ్‌లో తప్పు వెతక్కండి, ఈ కరెంట్ తిరిగి వెళ్లే దారి వెతకండి. డ్రైవర్ గ్రౌండ్ నుంచి బస్ (పవర్ సప్లై) నెగటివ్‌కి పొట్టి, వెడల్పాటి దారి ఇచ్చి, పికోకి వెళ్లే తీగలని ఒక ఫెర్రైట్ రింగులో రెండు మూడు చుట్లు తిప్పితే నా బోర్డులో రీసెట్లు ఆగిపోయాయి. అప్పటికీ ఆగకపోతే చుట్ట వ్యాసం 24 నుంచి 18కి తగ్గించి, కెపాసిటర్ అదే ఉంచి, పెరిగిన ఫ్రీక్వెన్సీకి లెక్క మళ్లీ వేసుకోండి. రాగి ఎదురెదురుగా ఉండే విస్తీర్ణం తగ్గితే ఆ దొంగ కెపాసిటెన్సూ తగ్గుతుంది.